వెనక్కి పిలవలేని పొడి

మా మరిది విశ్వవిద్యాలయంలో ఏం చేస్తాడని వీధిలో ఎవరైనా అడిగితే, మందుల చదువు అని చెప్పి ఊరుకునేదాన్ని. అసలు సంగతి చెబితే నవ్వుతారని భయం. కోడిగుడ్డు తెల్లసొనలో మందు కలిపి, కాగిన వేరుశనగ నూనెలో చుక్కలుగా వదిలి, మరతో గిలకొట్టి, కంటికి ఆననంత చిన్న ఉండలు చేస్తాడంటే ఎవరు నమ్ముతారు? నమ్మినా, గుడ్డు అనే మాట మా అత్తగారి చెవిన పడితే ఇంకేమన్నా ఉందా? పక్కింటి కోడి మా పెరట్లో గుడ్డు పెట్టిపోతే, దాన్ని పుల్లతో చేటలోకి దొర్లించి గోడ మీదుగా అందించే ఇల్లు మాది.

ఇది ఎనభైల మొదట్లో మాట. తిరుపతిలో మా ఆయనకు నూనె అంగడి ఉండేది. ఇంట్లో అత్తగారు, ఆయన, నేను, అయిదేళ్ల మా పాప, పరిశోధన చేస్తున్న మరిది. మరిది ల్యాబుకు కావలసిన నూనె మా అంగడి నుంచే పోయేది. మడ్డి లేనిది, రెండుసార్లు వడకట్టినది కావాలనేవాడు. గుడ్లు మాత్రం దారిలో ఎక్కడో కొనుక్కుని అటునుంచి అటే తీసుకుపోయేవాడు. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

ఒకనాడు నేను బూందీ దూస్తుంటే వచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు. నూనెలో పడిన చుక్క పడినట్టే గుండ్రంగా బిగుసుకుని పైకి తేలడం చాలాసేపు చూసి, తాను అక్కడ చేసేదీ ఇదేనన్నాడు. ఆ రోజే నాకు మొత్తం విడమరిచి చెప్పాడు. మామూలు మాత్ర మింగితే మందంతా ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది, కాసేపటికి అయిపోతుంది, మళ్లీ మింగాలి. అదే మందును ఈ ఉండల్లో దాచి మింగిస్తే, ఒళ్లే ఆ ఉండను కొద్దికొద్దిగా అరగదీసుకుంటూ పోతుంది. అది అరిగేకొద్దీ మందు బయటికి వస్తుంది. పొద్దున ఒకసారి మింగితే పడుకునేదాకా చాలు. చివరికి ఉండ కూడా మిగలదు. అతను చేస్తున్నది చక్కెర జబ్బు మందుతో. మా మామగారు ఆ జబ్బుతోనే పోయారు. మూడు పూటలా మాత్ర గుర్తుపెట్టుకునే మనిషి కాదు ఆయన. వేసుకున్నానో లేదోనని ఒక్కోసారి రెండు వేసుకునేవారు, ఒక్కోసారి ఒకటీ వేసుకునేవారు కాదు. తమ్ముడు ఈ చదువుకు ఎందుకు పోయాడో మా ఆయన ఎప్పుడూ అడగలేదు. అడగవలసిన పని కూడా లేదు.

అంతా విని నేను ఒకటే అడిగాను.

"లోపలికి పొయినాక వద్దనుకుంటే, వెనక్కి ఎట్లా తెచ్చేది నాయనా?"

అతను నవ్వాడు. "వెనక్కెందుకు వదినా. వాటంతట అవే కరిగిపోతాయి గదా."

ఇంకోసారి, ఒక ఆదివారం, నన్నూ పాపనూ ల్యాబుకు తీసుకుపోయి మైక్రోస్కోపులో చూపించాడు. గాజుపలక మీద చూస్తే ఏమీ లేదు, వేలితో తుడిస్తే పోయే మరక. కన్ను గొట్టానికి ఆనించాక ఊపిరి ఆగినట్టయింది. లేత పసుపు రంగులో గుండ్రటి గుండ్లు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, చూపు పోయినంత మేర. ఒక్కటీ వంకర లేదు. చేతులు జోడించాను. మనిషి చేతికి ఇంత పని నేర్పిన స్వామికి నమస్కారం పెట్టుకున్నాను. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం మనసులో ఏదో గుబులు. ఇన్ని వేలు కంటికి కనపడకుండా ఒక చిటికెలో ఉంటాయి కదా, చీర కొంగుకు అంటుకుని వచ్చినా తెలియదు కదా అని, ఇంటికి రాగానే పాప చేతులు రెండుసార్లు కడిగాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా పుట్టిల్లు వడమాలపేట. మా నాయన అక్కడ మూలికల వైద్యం చేసేవాడు. తెలుగు అక్షరాలు, నాలుగు స్తోత్రాలు, రాళ్లు పెట్టి తూచడం, పొడిని పలుచని బట్టలో జల్లించడం, అన్నీ ఆయన ఒళ్లో కూర్చుని నేర్చుకున్నవే. అక్షరాల కంటే ముందు నేర్పింది పొట్లం కట్టడం. చదరపు కాగితాన్ని మూలకు మూల మడిచి, రెండు వైపులా లోపలికి తోసి, చివరి రెక్కను మడతలోకి దోపితే, దారం లేకుండానే గట్టిగా నిలుస్తుంది. తలకిందులు చేసినా రవ్వంత పొడి రాలదు. నాకు విద్య పెట్టిన తండ్రి ఆయన. ఈ రోజుకీ దీపం పెట్టేటప్పుడు ముందు ఆయన్ను తలుచుకుంటాను.

ఆ మడత నేనే మరిదికి నేర్పాను. అతని పొట్లాలు వదులుగా ఉండి పొడి కారిపోతుంటే చూడలేక నేర్పాను.

ఆ ఏడు కార్తీకంలో వానలు విడవకుండా పట్టుకున్నాయి. కొండ రోజుల తరబడి మబ్బులోనే ఉండింది. గోడలు చెమర్చి, బట్టలు ఆరక, ఉప్పు జాడీలో నీళ్లు ఊరే కాలం. ల్యాబులో పొడిని తేమ తగలకుండా దాచే గాజుపాత్ర మూత పగిలిందట. కొత్తది వచ్చేదాకా రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయని మరిది దిగులు పడ్డాడు. అదేమంత పెద్ద పని అన్నాను నేను. మా వంటింట్లో ఒక రేకు డబ్బా ఉండేది. అడుగున వేయించిన బియ్యం పోసి, దాని మీద తడి తగలకూడనివి పెట్టేదాన్ని. బియ్యం తేమను తాను పీల్చుకుంటుంది. విభూతి, పచ్చకర్పూరం, కుంకుమపువ్వు అన్నీ అందులోనే. నాలుగు రోజులు పెట్టి చూసి మరిది తెగ సంబరపడ్డాడు. సీమదేశం నుంచి తెప్పించిన సామాను కంటే మా వదిన డబ్బా నయమని ల్యాబులో అందరికీ చెప్పాడట. ఆ మాటకు నేనూ పొంగిపోయాను. అబద్ధమెందుకు.

అలా మందు పొడి వచ్చి విభూతి పక్కన చేరింది. ఇది తప్పని మా ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు, మందుల చదువు చదివిన అతనికీ తోచలేదు. అతను రెండు రకాల పొడి చేసేవాడు. ఒకటి మందు వేసినది, ఇంకొకటి పోల్చి చూడటానికి మందు వేయని ఉత్త తెల్లసొనది. ఏది ఏదో గుర్తుగా పొట్లం మీద సిరా కలంతో అంకె వేసుకునేవాడు. ఏ రోజు ఏ పొట్లం ల్యాబుకు పోయేదో, ఏది డబ్బాలో ఉండేదో నాకు పట్టేది కాదు.

పాపకు రెండు రోజులుగా జ్వరం. మామూలు జ్వరమే. డాక్టరమ్మ ఇచ్చిన తియ్యమందు పోస్తున్నాం. మూడో రోజు పొద్దున ఉరుము శబ్దానికి ఉలిక్కిపడి లేచి, ఏడుపు ఆపలేదు. దడుపు చేసిందని అత్తగారు తీర్మానించారు.

"కాళాస్తి విభూతి రవంత నాలిక్కి పెట్టు మే. బిడ్డ అదురుకునింది."

అంతకు ముందు సోమవారమే మేము శ్రీకాళహస్తి పోయి వచ్చాం. అక్కడి విభూతిని నేనే పొట్లం కట్టి డబ్బాలో పెట్టాను. తెల్లవారినప్పటి నుంచి కరెంటు లేదు. వాన మబ్బుకు వంటిల్లు చీకటిగా ఉంది. డబ్బాలో చేయి పెడితే ఆ మడత తగిలింది. నా వేళ్లకు చిన్నప్పటి నుంచి తెలిసిన మడత. చూడవలసిన పనే లేదనుకున్నాను.

శివనామం చెప్పుకుంటూ పాప నుదుట పెట్టాను. నాలుక మీద ఒక చిటికెడు. ఏడుపు ఆపకపోతే ఇంకొక చిటికెడు. మిగిలినది రొమ్ము మీద, చేతుల మీద రాశాను. పాప మూతి ముడిచింది.

"నూనె వాసనొస్తాంది మా."

మా ఇంట్లో నూనె వాసన రానిది ఏముంది? తలగడకు కూడా వస్తుంది. పిల్లకు జ్వరం నోరు, ఏది పెట్టినా బాగుండదులే అనుకున్నాను. విభూతి ఉన్న కాగితం కాళ్ల కింద పడకూడదని మా ఇంట్లో పట్టింపు. తీసుకుపోయి తులసి కోటలో మట్టిలోకి గుచ్చి వచ్చాను. వాన పడుతూనే ఉంది. పాప నెమ్మదించి పడుకుంది. తల్లీ, చల్లగా చూశావు అని దండం పెట్టుకున్నాను.

ఒక గంట గడిచిందేమో. అత్తగారు జపం ముగించి, తనకూ ఇంత విభూతి ఇమ్మని చేయి చాపారు. అయిపోయిందని చెప్పబోయి, అడుగున ఏమైనా ఉందేమోనని బియ్యంలో వెతికాను. ఒక పొట్లం దొరికింది. విప్పాను. బూడిద రంగు పొడి. కర్పూరం వాసన.

అదే అసలు విభూతి.

పాప అన్న నూనె వాసన అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తా, నేను బిడ్డకు పెట్టింది విభూతి కాదు."

"ఇంకేంది మే?"

"అబ్బయ్య ల్యాబులో చేసే మందు."

ఆమె ముఖంలో దిగులు పోయి తేటదనం వచ్చింది. "మందే గదా. మంచిదే గదా. దానికి అట్లా అదురుతావెందుకు?"

"అది సక్కెర జబ్బోళ్లకు అత్తా. ఆ జబ్బు లేని బిడ్డకు రక్తంలో ఉండే సక్కెరంతా లాగేస్తాది."

మా మామగారు ఒక్కోసారి రెండు మాత్రలు మింగి, భోజనం దగ్గరే చెమటలు కారి పక్కకు ఒరిగిపోవడం ఆమె కళ్లారా చూసింది. నేను ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. ఆమె లేచి గోనెసంచిని మడిచి నా తలమీద ముసుగు వేసింది. పాపను ఎత్తుకుని వానలో డాక్టరమ్మ ఇంటికి పరుగెత్తాను. వీధి చివరి ఇల్లే. కింద నాలుగు మంచాలు వేసుకుని వైద్యం చేసేది ఆమె. అత్తగారు నా వెనకే తడుస్తూ వచ్చింది. దారిలో అంగడి ముందు ఆగి ఆయనను సైకిలు మీద తమ్ముడి కోసం పంపింది.

డాక్టరమ్మ అరవలేదు. అందుకు ఆ తల్లికి ఎంత రుణపడ్డానో. ముందు పాప నుదుటి మీద, చేతుల మీద పొడిని తడిబట్టతో తుడిచింది. వాంతి చేయించింది. వచ్చిందంతా తియ్యమందు, నీళ్లు. పొడి వచ్చిందో లేదో ఎవరు చెప్పగలరు? ఏమి మందు, ఎంత, ఎప్పుడు పెట్టావు అని అడిగింది. మందు వేసినది, వేయనిది అని రెండు రకాలుంటాయని, నేను పెట్టింది ఏదో తెలియదని చెప్పాను. వేయనిదైతే భయం లేదా అంది. లేదన్నాను.

"వేయనిదంటే దేంతో చేస్తాడు?"

అత్తగారు పాప పాదాలు ఒళ్లో పెట్టుకుని నిమురుతోంది. దాచి ఏం ప్రయోజనం?

"గుడ్డు తెల్లసొనతో."

నిమురుతున్న చేయి ఒక్క లిప్త ఆగింది. మళ్లీ కదిలింది. ఆమె తల ఎత్తలేదు.

పొట్లం మీద అంకె ఉంటుంది కదా, కాగితం తెమ్మంది డాక్టరమ్మ. పరుగున పోయి తులసి కోటలోంచి తీశాను. నానిపోయి మెత్తగా చేతికి వచ్చింది. అంకె ఉండవలసిన చోట నీలం మరక, అంతే. నేను భక్తిగా తీసుకుపోయి వానలో గుచ్చి వచ్చిన కాగితం అది. బజారున పోయేవాళ్లెవరైనా అయితే మూలన పారేసేవాళ్లు, అంకె మిగిలేది.

సూదితో రక్తం తీసి, పరీక్ష చేసే చోటికి మనిషి చేత పంపారు. చేతికి గ్లూకోజు సీసా పెట్టారు. గోడ మీద గడియారం పదకొండున్నర చూపిస్తోంది. అప్పటికి పొడి పెట్టి దాదాపు గంటన్నర. పాప మామూలుగానే ఉంది. సూదికి ఏడ్చి, చక్కెర నీళ్లు తాగి, అవ్వ ఒళ్లో ముడుచుకుంది. నేను మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని, అది ఉత్త తెల్లసొనే కావాలని, గుడ్డే కావాలని కోరుకున్నాను. జన్మలో గుడ్డు ముట్టనిదాన్ని, గుడ్డు కోసం దేవుడిని వేడుకున్నాను.

మరిది వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. దారిలో అన్న అంతా చెప్పే ఉన్నాడు. గడప దాటక ముందే అన్నాడు.

"ఈ పొద్దు ఉత్తవి నేను తీసకపొయినాను. ఇంట్లో ఉండేది మందుది."

ఆయన తమ్ముడి వైపు తిరిగి, "ఇంట్లోకి ఎట్లా తెస్తివిరా దాన్ని" అన్నారు. అంతకు మించి అనలేదు. అనవలసినవి నన్ను కూడా చాలా ఉన్నాయి, అవీ అనలేదు.

డాక్టరమ్మ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. పొట్లంలో ఉన్న మందు వయసొచ్చిన మనిషికి రెండు రోజులకు సరిపడేంత అని మరిది వేళ్ల మీద లెక్కవేసి చెప్పాడు. ఎంతసేపు పనిచేస్తుంది? పన్నెండు గంటలు వచ్చేలా చేశానన్నాడు. చేశావు సరే, అలాగే వస్తుందని తెలుసా అంది ఆమె.

"గాజు గొట్టంలో తెలుసు. మనిషిలో తెలీదు."

ఒంటిగంటకు రక్త పరీక్ష వచ్చింది. చక్కెర ఎంత ఉండాలో అంతే ఉంది. ఆయన కళ్లు తుడుచుకున్నారు. వాంతిలో పోయినట్టుంది, గండం గడిచిందన్నారు. అత్తగారు కొండకు వచ్చి మనవరాలికి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. నేనూ గట్టిగా ఊపిరి తీసుకున్నాను. మరిది ఒక్కడే గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డాడు. దగ్గరికి పోయాను.

"ఇప్పుడు బాగుండడం లెక్క కాదు వదినా. వాటికి ఇంకా పొద్దు కాలేదు."

ఆ మాట నాకు అర్థమైనట్టు ఆ గదిలో ఇంకెవరికీ అర్థం కాలేదు. నేను వాటిని చూశాను కదా. మరిది చూపించిన ఆ లేత పసుపు గుండ్లు పాప కడుపులో ఒరుసుకుంటూ ఉన్నాయి, ఇప్పుడిప్పుడే తడిసి మెత్తబడుతున్నాయి. ఒక్కోటి ఎప్పుడు అరుగుతుందో, ఏది ముందో ఏది తర్వాతో. పాము కరిచినవాళ్లను మా నాయన దగ్గరికి తెచ్చేవాళ్లు. అది వేరే భయం. కోపంగా వస్తుంది, మనిషిని ఊపేస్తుంది, ఇటో అటో తేల్చి పోతుంది. ఈ భయానికి తొందర లేదు. చెప్పిన వేళకు వస్తానని చెప్పి వచ్చే చుట్టంలా దారిలో ఉంది. ఎవరూ దానికి ఎదురు పోలేరు. ఇంకా రానందుకు మా వాళ్లు సంతోషిస్తున్నారు. నేను, మరిది దాని అడుగుల చప్పుడు వింటున్నాం.

స్తోత్రం చదువుకుందామంటే సగంలో మాట మరిచిపోతున్నాను. చిన్నప్పటి నుంచి వచ్చినదే. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని, మళ్లీ అక్కడే ఆగేదాన్ని.

రెండున్నరకు ఆయన ఉత్సాహంగా పిలిచారు.

"సూడు మే, చెమట పట్టింది. జరం దిగింది."

జ్వరం వచ్చిన బిడ్డకు చెమట పడితే ఏ తల్లి అయినా దేవుడికి దండం పెడుతుంది. నేనూ ఎన్నిసార్లు పెట్టానో. ఆ రోజు మాత్రం చెమట అనే మాట వినగానే భోజనం దగ్గర ఒరిగిపోయిన మామగారే కళ్ల ముందుకు వచ్చారు. పోయి పాప మెడ కింద చేయి పెట్టాను. జ్వరం దిగేటప్పటి చెమట వెచ్చగా ఉంటుంది, మా నాయన నా చేత తాకించి నేర్పాడు. ఇది చల్లగా, జిగురుగా ఉంది. చేతివేళ్లు సన్నగా అదురుతున్నాయి. పాప కళ్లు తెరిచి నన్ను చూసింది.

"ఎవురు నువ్వు?"

పరాచికం కాదు. నిజంగానే అడిగింది. పరాయి ఇంటికి వచ్చిన పిల్ల ఆ ఇంటావిడను అడిగినట్టు, మర్యాదగా అడిగింది. ఆ చూపు ఎన్నేళ్లయినా నన్ను వదలలేదు. తర్వాత దాని పెళ్లి పీటల మీద కూడా ఒక్క క్షణం అది నా వైపు తిరిగితే ఆ చూపే గుర్తుకొచ్చి వణికాను.

డాక్టరమ్మను కేక వేసింది మరిదే. ఆమె పెద్ద సూదిలో గ్లూకోజు ఎక్కించి నేరుగా నరానికి ఇచ్చింది. సూది సగం కూడా కాలేదు, పాప పెదవులకు రంగు వచ్చింది. "మా, ఆకలి" అంది. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

అంతటితో అయితే బాగుండేది. నాలుగు గంటలప్పుడు మళ్లీ అదే చెమట. పొద్దు కుంకే వేళకు మళ్లీ. ప్రతిసారీ సీసా ధార పెంచేవాళ్లు, పాప తేరుకునేది, అందరూ అయిపోయిందనుకునేవాళ్లు, లోపల ఇంకొన్ని గుండ్లు అరిగేవి. బయటి నుంచి మేము పోసే చక్కెరకు, లోపల అవి లాగేసుకునే చక్కెరకు మధ్య నా బిడ్డ. ఏది ముందు అయిపోతుంది? సీసాలా, రేణువులా? సీసాలు అయిపోతే తేవడానికి ఆయన ఆ వానలో ఊరంతా తిరిగి, మందుల అంగళ్ల వాళ్లను బతిమాలి, ఆరు తెచ్చి మంచం కింద వరసగా పెట్టారు. ఆ అంగళ్ల వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. స్వామి వాళ్ల పిల్లలను చల్లగా చూడాలి.

తెల్లవారుజామున ఒకసారి వణికింది. అదే చివరిది. మరునాడు మధ్యాహ్నం రక్త పరీక్ష రెండుసార్లు బాగా వచ్చాక డాక్టరమ్మ చేతి సూది తీసేసింది. పాప పెరుగన్నం అడిగి తింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నాకు ఒక మాట చెప్పింది. అంత మందు మామూలు పొడిగా ఉండి ఉంటే ఒక్కసారే ఎక్కేదట. నేను డబ్బా తెరిచి తప్పు తెలుసుకునేలోపే బిడ్డ చేయి దాటిపోయేదట. కొంచెం కొంచెంగా వచ్చింది కాబట్టే సీసాలతో దాని వెంట పరుగెత్తగలిగాం అంది. నేను ఆ పగలంతా వేటిని చూసి వణికానో, అవే నా బిడ్డకు గడువు ఇచ్చాయన్నమాట. మరిది వాటిని ఎంత శ్రద్ధగా చేశాడో అంత నిదానంగా అరిగాయి. ఆ రాత్రి దీపం ముందు ఎవరెవరికో కృతజ్ఞత చెప్పుకున్నాను. వాటికి కూడా చెప్పుకున్నాను. చెబుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

అత్తగారు గుడ్డు మాట ఎత్తలేదు. వారం దాటాక, చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"అది ఒంట్లోనే ఉండిపోతాదా మే, పూరా కరిగిపోతాదా?"

"కరిగిపోతాది అత్తా. ఏమీ మిగలదు."

"అట్లయితే సరే" అని మళ్లీ రాళ్లు ఏరుకుంది. ఆ తర్వాత ఆ ఊసు లేదు.

మరిది ఇంటికి రావడం మానేశాడు. విశ్వవిద్యాలయం హాస్టల్లో ఎవరి గదిలోనో సర్దుకున్నాడట. బట్టలు కూడా అన్న చేత తెప్పించుకున్నాడు. పాప బాబాయి ఏడని అడిగేది. వానలు వెనకపట్టాక, ఒక మధ్యాహ్నం వచ్చాడు. చిక్కిపోయాడు. అన్నం పెట్టాను. తల వంచుకుని తిన్నాడు. ఈ పని మానేస్తున్నానని, సారుకు రేపు చెబుతానని అన్నాడు. మాత్రలు అమ్మే కంపెనీలో ఏదైనా ఉద్యోగం చూసుకుంటాడట.

మానేయమనే అనాలనిపించింది. ఆ పొడి పేరు ఎత్తితేనే నా గుండె జారేది. కాని నా కళ్లెదుట ఒకటి జరిగింది కదా. గాజు గొట్టంలో తెలుసు, మనిషిలో తెలియదు అన్నాడు కదా. ఆ తెలియనిది అప్పటికి నాకు తెలుసు. ఏ వేళకు ఏమైందో నిమిషం కూడా పొల్లుపోకుండా గుర్తుంది. ఆ లెక్క నాతోనే ఉంచుకుంటే, రేపు ఇంకెవరి బిడ్డకో, ఇంకెవరి నాయనకో ఆ మందు ఇచ్చేవాళ్లు మళ్లీ మొదటి నుంచి భయపడాలి.

"పెట్టింది పది గంటలకు నాయనా. మొదటి చెమట రెండున్నరకు" అని మొదలుపెట్టాను.

అతని చేయి కంచంలోనే ఆగిపోయింది. "వద్దు వదినా."

"నీ కోసరం కాదులే. విను."

వేళ్లు ఎప్పుడు అదిరాయో, గ్లూకోజు ఎక్కించాక ఎంతసేపటికి తేరుకుందో అంతా చెప్పాను. రెండోసారి నాలుగు గంటలకు అన్నాను. అతను చెయ్యి కూడా కడుక్కోకుండా, ఎండిపోయిన మెతుకుల కేసి చూస్తూ, చాలా నెమ్మదిగా సరిదిద్దాడు.

"నాలుగు కాదు వదినా. నాలుగుకు ఇంకా పది నిమిషాలుండె."